పరుగెత్తిన తండ్రి

ఫిబ్రవరి 1, ఆదివారం

ఈరోజు వాక్యం లూకా పదిహేను, తప్పిపోయిన కుమారుడు. గొంతు బాగా లేచింది. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూశాడు, చూసి పరుగెత్తాడు. "పెద్దమనిషి, ఆస్తిపరుడు, పంచె ఎగదోపుకొని ఊరందరి ముందర పరిగెత్తినాడు. మీ ఇండ్లల్లో ఏ తండ్రి అట్ల పరిగెత్తినాడో లేచి చెప్పండి" అని బైబిలు మీద చెయ్యి కొట్టి అడిగాను.

సంఘంలో సగం మంది లేరు, మిరపకోత కూలికి ఊరొదిలి సుగ్గికి వెళ్లారు. ఉన్న ముప్పై మందిలో ఎవరూ కదల్లేదు. హులిగమ్మక్క లేచింది. డెబ్బై దాటిన మనిషి. సాక్ష్యం చెబుతుందనుకున్నాను.

"అయ్యా, నాకు సదువు రాదు. ఆ నాయన పరిగెత్తినాడు, సరే. నువ్వు యానాడు పరిగెత్తినావప్పా? పాప పోయి పదమూడు నెల్లాయ."

పదిహేడేళ్లుగా ప్రతి ఆదివారం ఆదోని నుంచి కోసిగి దాటి ఆ పల్లెకు పోయి వాక్యం చెబుతున్నాను. సెమినరీ మెట్లెక్కలేదు, ఎవరూ నాకు అభిషేకపు నూనె పోయలేదు. జిన్నింగు మిల్లులో దూది బేళ్లు కడుతూ, అన్నం తినే అరగంటలో చదివి నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను ప్రసంగం మధ్యలో ప్రశ్న అడగలేదు.

నోరు ఊరుకోలేదు. "పరుగెత్తుతాను" అన్నాను. "ఈస్టరు బల్లకు నా బిడ్డను పిలుచుకొస్తాను. ప్రభువు సాక్షి."

అందరూ ఆమేన్ అన్నారు. ఆమేన్ పడ్డాక మాట వెనక్కి రాదు.

ఫిబ్రవరి 2

నేను చేసింది వాక్య ప్రకారం చేశాను.

పోయిన సంవత్సరం జనవరిలో పేపర్లో ఫోటో వచ్చింది. జిల్లా పరుగు పందెంలో మొదటి బహుమతి, ఆదోని అమ్మాయి కెజియా. తొడల దాకా నిక్కరు. పేరు నేనే పెట్టాను, యోబు శ్రమలన్నీ తీరిన తర్వాత పుట్టిన కూతురి పేరు. ఆ పేరు కింద ఆ కాళ్లు. ద్వితీయోపదేశకాండం ఇరవై రెండు, ఐదో వచనం చదివాను, స్త్రీ పురుషవేషం వేసుకోకూడదన్నది. పేపరు పైకెత్తి సంఘానికి చూపించాను. ఆ పూట ప్రభువు బల్ల ఉంది, రొట్టె, ద్రాక్షరసం పంచే పూట. పళ్లెం పట్టుకొని ఆడవాళ్ల వరసలోకి వచ్చాను. ఆమె మూడో వరసలో గోడ పక్కన కూర్చుంది. చెయ్యి చాపింది. ఆమెకు ఇవ్వకుండా పళ్లెం దాటించాను.

పక్కన దానమ్మ. తల్లి కదా, ఆమె తీసుకుంది. ఎట్లా మింగిందో నేను అడగలేదు.

ఇంటికి వచ్చి ఆమె పరుగు బూట్లు బావిలో వేశాను. వారం తిరగకముందే కెజియా బెంగళూరు బండి ఎక్కింది. నా నంబరుకు పలకదు.

వాక్య ప్రకారమే చేశాను.

ఫిబ్రవరి 4

దానమ్మ రొట్టెలు కొడుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"బెంగళూర్లో పెద్ద పరుగుందంట, మార్చి ఇరవై రెండుకి. ఆదివారం. పాప ఆడుంటాది."

"నీకెట్ల తెలుసు?"

"ఫోన్ చేస్తాది."

"ఎన్నాళ్లనుంచి?"

"పోయిన కాడినుంచి."

పదమూడు నెలలు ఒకే పొయ్యి దగ్గర తిన్నాం. ఒక్క మాట జారలేదు.

"యాడుంటాదో చెప్పు. రేపే పోతా."

"చెప్పను. మాటిచ్చినా. పరుగు సంగతి గూడ చెప్పగూడదు. నువ్వు ఆదివారం అందరి ముందర మొక్కినావని చెప్తాండా."

తర్వాత ఎంత అరిచినా రొట్టె చప్పుడే.

ఫిబ్రవరి 7

మిల్లులో కాటా దగ్గర గుమాస్తా సుధాకర్ ఫోన్లో చూశాడు. ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఎనిమిది వేల మంది. రోడ్లు మూసేస్తారట.

"రోడ్డు పక్కన నిలబడితే తలకాయలు కనపడతాయి పాస్టరన్నా, మనుషులు కనపడరు. నంబరు ఉన్నోళ్లనే గేటు లోపలికి పంపుతారు."

"అయితే నాకూ నంబరు రాయి."

నవ్వాడు. నేను నవ్వలేదు. వయసు అడిగాడు, నలభై తొమ్మిది. రొమ్ములో ఏమైనా జబ్బు ఉందా అని అడిగాడు. ముప్పై ఏళ్ల దూది ఉంది. లేదని రాయమన్నాను.

"నీకేమన్నా అయితే ఎవరికి ఫోన్ చేయాలని అడుగుతాండారు."

కెజియా నంబరు చెప్పాను. నాకు పలకని నంబరు. వాళ్లకు పలుకుతుందేమో.

ఫిబ్రవరి 9

తెల్లవారకముందు ఎమ్మిగనూరు రోడ్డు మీద పరుగెత్తాను. చెప్పులతోనే. ప్రభువు కోసం కనిపెట్టేవాళ్లు, ఓపికతో ఎదురుచూసేవాళ్లు, అలయక పరుగెత్తుతారని యెషయా నలభైలో ఉంది, ఆ వచనం మీద ఆనుకొని బయలుదేరాను. రెండో కిలోమీటరు రాయి దగ్గర కూర్చొని దగ్గాను. తెల్లగా పడింది, దూదే.

అలసిపోయాను ప్రభువా. వచనంలో తప్పు లేదు. నాలోనే ఏదో ఉంది.

ఫిబ్రవరి 10

కాళ్లు లేవలేదు.

ఫిబ్రవరి 14

ఐదు కిలోమీటర్లు. ఆటో ఉరుకుందు వెనకాలే వచ్చాడు, హారన్ కొట్టుకుంటూ. ఎమ్మిగనూరుకు మనుషులను తోలుతాడు. సొంతూరు కైరుప్పల.

"ఎవురు తరుముతాండారు పాస్టరయ్యా?"

"దేవుడు."

"దేవుడు తరిమితే ఆటో ఎక్కగూడదని ఉందా మీ పుస్తకంలో?"

లోపల ఉన్న ఆడవాళ్లు పక్కున నవ్వారు. బండి నన్ను దాటి వెళ్లలేదు. నా నడకకు సరిపడా మెల్లగా తోలుతూ రెండు కిలోమీటర్లు వచ్చాడు. "పడితే ఎత్తుకోవాల గదా" అంటాడు. నన్ను ఊరేగింపు తీసి ఊరికి చూపించినట్టయింది.

ఫిబ్రవరి 18, బుధవారం

శ్రమదినాలు మొదలు. ఈస్టరు దాకా పొద్దు మునిగేవరకు ఉపవాసం. ఇంకో మాట కూడా ఇచ్చాను, ప్రార్థనలో, నేను ఒక్కణ్నే: పరుగు రోజున బిడ్డను పిలుచుకొని బయటికి వచ్చేదాకా మెతుకు ముట్టను, చుక్క నీళ్లు తాగను.

సుధాకర్‌కు చెబితే తలకాయ కొట్టుకున్నాడు. "నీళ్లు తాగకపోతే పడిపోతావన్నా." వాడికేం తెలుసు. మోషే నలభై దినాలు ఉన్నాడు.

ఫిబ్రవరి 23

ఆమెను చూడగానే చెప్పవలసింది రాసి పెట్టుకుంటున్నాను. కెజియా, నీవు దారి తప్పావు, అయినా ప్రభువు కనికరం గలవాడు. సంఘం ఎదుట తప్పు ఒప్పుకో. నేనే నీకు బల్ల ఇస్తాను.

బాగుంది. సూటిగా ఉంది.

మార్చి 1, ఆదివారం

నెల మొదటి ఆదివారం, బల్ల. గిన్నె ఎత్తినప్పుడు చెయ్యి ఆగలేదు. ద్రాక్షరసం తెల్లగుడ్డ మీద ఒలికింది. ఎవరూ చూడనట్టు కూర్చున్నారు. ఇది మొదటిసారి కాదు. ఆ జనవరి తర్వాత ఏ నెలా చెయ్యి కుదురుగా లేదు. చన్నీళ్లు, వయసు, బేళ్లు ఎత్తే పని, ఏదో ఒకటి చెప్పుకుంటూ వచ్చాను.

సాయంత్రం దానమ్మ గుడ్డ ఉతికింది.

"మరక పోల్యా" అంది. అంతే అంది.

మార్చి 3

చెప్పులు తెగాయి. గుడ్డబూట్లు వేసుకుంటే మడమ తోలు లేచింది. ఇంకా పంతొమ్మిది రోజులు.

మార్చి 4

బూట్లు బావిలో వేయలేదు.

అటక మీద, దూది పీచు నింపిన సంచిలో ఉన్నాయి. పోయిన సంవత్సరం బావి దాకా వెళ్లాను. గట్టు మీద కూర్చున్నాను. అడుగు భాగం ఎడమ కాలి వైపు ఎక్కువ అరిగింది, చిన్నప్పటి నుంచి ఆమె నడక అంతే. చూస్తూ కూర్చొని, వాటిని దాచుకొని, ఖాళీ చేతులతో వచ్చినట్టు ఇంటికి వచ్చాను. బావిలో వేశానని అరిచి చెప్పాను. దానమ్మ ముందూ, కెజియా ముందూ, సంఘం ముందూ చెప్పాను. ఈ పుస్తకంలో కూడా రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరికి అబద్ధం రాశాను?

తొడిగి చూశాను. వేళ్ల దగ్గర బిగుతు. నడవవచ్చు.

మార్చి 11

మిల్లులో పత్తి తగ్గింది, పని లేదు. పొద్దున్నే బయలుదేరి కొంత పరుగు, కొంత నడక, ఎమ్మిగనూరు కనబడేదాకా వెళ్లాను. ఇరవై దాటి ఉంటుంది. తర్వాత గట్టు మీద పడుకున్నాను. ఉరుకుందే వచ్చి లేపి ఆటోలో వేసుకున్నాడు. తిరుగు దారిలో మనుషులు లేరు. ఊరికే ఉండడు కదా.

"ఒక మాటడుగుతా, కోపం జేసుకోవద్దు. మా కైరుప్పలలో ఉగాది మర్నాడు ఊరు రెండుగా జీలి పిడకలతో కొట్టుకుంటాము, తెలుసు గదా."

తెలుసు. ఆ పండుగ మీద ఎన్ని ప్రసంగాలు చేశానో.

"తలకాయలు పగులుతాయి. పోయినేడు మా పెదనాయన కొడుకు నా నుదురు మీదే కొట్టినాడు. సూడు, మచ్చ. సాయంత్రానికి ఇబూతి పూసుకొని ఒకే కాడ కూకొని తిన్న్యాము. మీకేమో సామీ, ఒక్క దెబ్బకు పదమూడు నెల్లు."

"నేను కొట్టలేదు."

"కొట్టింటే బాగుండు" అన్నాడు. "కొట్టింటే ఎప్పుడో మానిండు."

విగ్రహాలకు మొక్కేవాడి నోట్లోంచి ఈ మాట. సరే. బిలాము ప్రవక్తతో అతని గాడిద కూడా మాట్లాడింది. అప్పుడు తప్పు గాడిదది కాదు.

మార్చి 15, ఆదివారం

వచ్చే ఆదివారం నేను రానని సంఘానికి చెప్పాను. పదిహేడేళ్లలో ఇదే మొదలు. ప్రార్థన ఎవరు నడుపుతారంటే మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పాటలు పాడుకుంటాములే, పో" అంది హులిగమ్మక్క.

యెఫ్తా ఎందుకు జ్ఞాపకం వచ్చాడో తెలియదు. ఇంట్లోంచి ముందు ఎదురొచ్చేదాన్ని బలి ఇస్తానని నోటికొచ్చినట్టు మొక్కుకున్నాడు, కూతురు ఎదురొచ్చింది. ఆ అధ్యాయం నేను ఎప్పుడూ చెప్పలేదు.

మార్చి 20

ఉరుకుందు దెబ్బలు తినడానికి కైరుప్పల పోయాడు. నేను రేపు రైలెక్కాలి.

మార్చి 21, శనివారం, బెంగళూరు

నంబరు ఇచ్చారు, గుడ్డ మీద పిన్నులతో పెట్టుకోవాలి. కోసిగి వాళ్లు ఉండే రేకుల షెడ్డులో దిగాను. మన సంఘం తిక్కయ్య ఇక్కడ కాంక్రీటు పనిలో ఉన్నాడు.

"రేపు ఆదివారం, నువ్వు వస్తివి, ఈడ పదైదు ఇండ్లోళ్లున్నారు. ప్రార్థన పెట్టు అయ్యా."

"రేపు పరుగు ఉంది తిక్కయ్యా."

వాడికి అర్థం కాలేదు. "సెలవు పెట్టుకొని పరిగెత్తేదేందయ్యా? మేము దినామూ పరిగెత్తుతాండాము." అన్నం పెడితే వద్దన్నాను. చెంబుతో నీళ్లు ఇచ్చారు, అదే చివరి చెంబు.

నేను రాసి పెట్టుకున్న మాటలు మళ్లీ చదివాను. "దారి తప్పావు" కొట్టేశాను. "తప్పు ఒప్పుకో" ఉంచాను. తర్వాత అదీ కొట్టేశాను. ఇక ఆమె పేరు, ప్రభువు కనికరం, నేనే బల్ల ఇస్తాను అన్న మాట మిగిలాయి.

మార్చి 22, ఆదివారం, తిరుగు రైలులో

అక్షరాలు వంకర పోతున్నాయి. బండి కుదుపుకు కాదు.

మైదానం నిండా దీపాలు, పాటలు, ఊరు ఊరంతా ఒకే రంగు బనియన్లు. ఆడపిల్లలు వందల్లో ఉన్నారు, అందరూ నిక్కర్లే. ఈ కళ్లతోనే పేపర్లో ఒక్క ఫోటో చూసి ఒళ్లు మండించుకున్నాను. ఈ పొద్దు ఏ కాలూ నాకు కనబడలేదు. జడలు చూశాను. కెజియా జడను రెండుగా మడిచి పైకి కడుతుంది. అట్లా కట్టిన తల కనబడితే చాలు, జనాన్ని తోసుకొని ముందుకు పోయి ముఖం చూడడం, కాదని తెలిసి వెనక్కి రావడం. ఒక అమ్మాయి భయపడి "ఏన్ బేకు?" అంది, ఏం కావాలని. నా కూతురనుకున్నానమ్మా అన్నాను.

వదిలారు. నది వదిలినట్టు వదిలారు.

ఐదు కిలోమీటర్ల దాకా ఎవరెవరి వెనకో పరుగెత్తాను. ఎనిమిది దగ్గర జడలు తగ్గాయి, వేగంగా పోయేవాళ్లు పోయారు. అప్పుడు తట్టింది. ఆమె జిల్లాలో మొదటి బహుమతి. నేను దగ్గే ముసలివాణ్ని. ఆమె ఎప్పుడో నా ముందు వెళ్లిపోయి ఉంటుంది. ఆమె వెనక పరుగెత్తి ఆమెను అందుకుంటానని ఏ ధైర్యంతో అనుకున్నాను? నెలన్నరగా ఈ చిన్న లెక్క నా బుర్రకు ఎందుకు రాలేదు?

అయినా ఆగలేదు. ఆగితే ఏముంది, ఎక్కడికి పోవాలి.

ప్రతి రెండు కిలోమీటర్లకూ నీళ్లు ఇస్తున్నారు. ముఖం తిప్పుకొని దాటాను. పన్నెండు దగ్గర నాలుక అట్టలాగా అయింది. పద్నాలుగు దగ్గర ఒకాయన పడిపోయాడు. ఇద్దరు పరుగున వచ్చి ఆయన నంబరు గుడ్డ వెనక చూసి ఫోన్ చేస్తున్నారు. ఇంటివాళ్లకు.

నా గుడ్డ వెనక ఆమె నంబరు ఉంది.

పడితే ఆమెకు ఫోన్ పోతుంది. పడితే వస్తుంది. పడదామనుకున్నాను. రోడ్డు కూడా చూసుకున్నాను, చెట్టు నీడ ఉన్న చోటు. ప్రభువా, పడదామనుకున్నాను. ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దుముకు, దూతలు ఎత్తుకుంటారు అన్నవాడు ఎవరో నాకు తెలుసు. పదిహేడేళ్లుగా ఆ దయ్యాన్ని గద్దిస్తున్నాను. వాడి మాట ఇంత మెత్తగా ఉంటుందని తెలియదు.

పడలేదు. భక్తితో కాదు. పడితే ఆ ఫోను కూడా ఎత్తకపోతే అన్న భయంతో.

పదహారు దగ్గర మళ్లీ నీళ్ల బల్లలు. నీలం డ్రమ్ములు, వరసగా కాగితం గ్లాసులు, చాపిన చేతులు. తల దించుకొని దాటబోతున్నాను. ఒక చెయ్యి నా రొమ్ము ముందుకు వచ్చింది. మణికట్టు మీద రొట్టెల పెనం కాలిన మచ్చ. ముందు ఆ చేతిని గుర్తుపట్టాను. నేను పళ్లెం దాటించిన చెయ్యి అది.

"నీరు తగొళ్ళి" అంది, నీళ్లు తీసుకోమని. నా ముఖం చూడలేదు, గ్లాసులు ఇచ్చేవాళ్లు ముఖాలు చూడరు. తర్వాత గ్లాసుకు వంగినప్పుడు కిందికి చూసింది.

"ఇవి నా బూట్లు" అంది తెలుగులో.

తల ఎత్తింది. చిక్కిపోయింది. కంపెనీ టోపీ, మెడలో కార్డు.

"బావిలో యేసినానంటివి."

"ఏయలేదు."

"మరి యేసినానని ఎందుకంటివి?"

రాసుకొచ్చిన కాగితం జేబులో చెమటకు ముద్దయి ఉంది.

"నువ్వు... పరిగెత్తుతాండావని అమ్మ..."

"ఉంటానన్న్యా. నీళ్ల కంపెనీలో పని నాకు. పరిగెత్తేది ఎప్పుడో మానేసినా." ఇంకొకరికి గ్లాసు ఇచ్చింది, ఇంకొకరికి. ఇస్తూనే మాట్లాడింది. "వచ్చిన కొత్తలో రెండు తూర్లు గ్రౌండుకు పోయినా. కొత్త బూట్లు కట్టుకొని గీత మీద నిలబడితే ఊరంతా నా కాళ్లే సూస్తాండారనిపించేది. రూముకొచ్చేసినా."

పరుగెత్తే బిడ్డ ఒకతె ఉందని, ఆమె తప్పు దారిలో పరుగెత్తుతోందని, వెనక పరుగెత్తి పట్టుకోవాలని వచ్చాను. ఆ బిడ్డ పద్నాలుగు నెలలుగా లేదు. నేనే ఆపేశాను.

"తాగు" అంది.

"మొక్కు ఉంది తల్లీ. నిన్ను పిలుచుకొని వచ్చేదాకా..."

"నా మీద మొక్కేటప్పుడు నన్నడిగినావా?"

లేదు.

"పెదాలు తెల్లగైనాయి. పడితే నాకు పని ఎక్కువ. తాగు అప్పా."

అప్పా అంది. రెండు చేతులు పట్టి తీసుకున్నాను. ఒక్క చేత్తో తీసుకోవడం చేతకాలేదు. తాగాను. ఆమె ఇంకొకటి నింపింది, అదీ తాగాను. సౌలు రాజు ఎవరూ తినకూడదని ఒట్టు పెట్టి సైన్యాన్ని ఎండగట్టిన రోజున అతని కొడుకు యోనాతాను కర్ర కొనతో తేనె అందుకున్నాడు, కళ్లు వెలిగాయి. మా తండ్రి దేశాన్ని బాధపెట్టాడు అన్నాడు. ఆ కథలో ఎప్పుడూ నన్ను నేను యోనాతాను అనుకునేవాణ్ని.

"కెజియా, నాది తప్పు."

చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. బల్ల అవతల నుంచి ఎవరో గ్లాసులైపోయాయని కన్నడంలో కేకేస్తున్నారు.

"ఆ మాట ఈడ చెప్పేది గాదు అప్పా. ఇంతమందిలో ఎవురికి తెలుసు నువ్వెవురో నేనెవురో. యాడ పేపరు ఎత్తి చూపిస్తివో ఆడ చెప్పాల."

"నువ్వు రా. ఈస్టరుకు."

"రాను."

కొత్త గ్లాసుల కట్ట విప్పుతూ, కటువుగా కాదు, పని చెప్పినట్టు అంది: "నిలబడొద్దు. ఆగితే కాళ్లు పట్టేస్తాయి. ఇంకా ఐదుంది, మెల్లగ పో."

పోయాను. ఆ ఐదు ఎట్లా పోయానో తెలియదు. చివర ఎవరో మెడలో బిళ్ల వేశారు. దాన్ని పట్టుకొని, వచ్చిన దారినే వెనక్కి నడిచాను, పదహారు దాకా. డ్రమ్ములు ఎత్తేశారు. బల్లలు లేవు. రోడ్డు తడిగా ఉంది, తొక్కిన గ్లాసులు ఊడ్చేవాళ్లు ఊడుస్తున్నారు. కంపెనీ పేరు అడిగితే వాళ్లకు తెలియదు.

ఖాళీ చేతులతో వస్తున్నాను. ఈసారి నిజంగానే ఖాళీ.

మార్చి 23

మిల్లులో నిలబడలేక కూర్చున్నాను. కుడి బొటనవేలి గోరు నల్లబడింది.

మార్చి 29, మట్టల ఆదివారం

పోయిన వారం ప్రార్థన ఎట్లా జరిగిందని అడిగాను.

"పాడినాము, ఏడ్చినాము, ఇండ్లకు పోయినాము" అంది హులిగమ్మక్క. "నువ్వు లేకున్నా దేవుడు వచ్చినాడప్పా." మళ్లీ తనే అడిగింది. "పరిగెత్తినావా?"

"పరిగెత్తినా."

"తెస్తివా?"

ఈస్టరుకు చెబుతానన్నాను. ఇంకో వారం దొరికింది, పిరికివాడికి.

ఏప్రిల్ 2

ఎట్లా చెప్పాలి? వాక్యంతో మొదలుపెట్టాలా? వాక్యంతో మొదలుపెడితే నేను గెలుస్తాను. ఎప్పుడూ అంతే.

ఏప్రిల్ 5, ఈస్టరు

సుగ్గికి పోయినవాళ్లు కొందరు వచ్చారు. గుడి నిండింది. బైబిలు తెరవలేదు. బల్ల అంచు పట్టుకున్నాను.

"పిలుచుకొస్తానంటిని. తేలేదు" అన్నాను. "తప్పిపోయింది నా బిడ్డ గాదు. పేపర్లో మన ఆదోని పిల్ల మొదటి బహుమతి తెచ్చిందని ఉండె. నేను దాన్ని పాపమని ఎత్తి చూపించినా. బల్ల కాడ చెయ్యి చాపితే పళ్లెం దాటించినా. బూట్లు బావిలో యేసినానని మీకు అబద్ధం చెప్పినా. నాది తప్పు."

దానమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది.

పళ్లెం హులిగమ్మక్క చేతికి ఇచ్చాను. ఈ సంఘంలో ఆడమనిషి పళ్లెం పట్టలేదు, నేనే పట్టనివ్వలేదు. నేను పోయి మూడో వరసలో, గోడ పక్కన, కెజియా చోట కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే వాక్యం చెప్పేవాడు చాలా ఎత్తుగా కనబడతాడు.

పళ్లెం నా దగ్గరికి వచ్చింది. తల అడ్డంగా ఊపాను.

"ఏమప్పా?" అంది హులిగమ్మక్క, అందరికీ వినబడేటట్టు.

"నాకొద్దు అక్కా. నేను బల్ల నుంచి ఆగినా."

"ఎవురు ఆపినారు?"

"నేనే."

"నీకు శిక్షలేసేది తప్ప ఇంకేం రాదా? మొన్న పాపకు, ఇప్పుడు నీకు."

పళ్లెం దాటించలేదు. నిలబడింది. డెబ్బై దాటిన చేతులు, ఇత్తడి పళ్లెం, బరువు. చేతులు వణకడం మొదలైంది. నేను చూస్తున్నాను, సంఘం చూస్తోంది, ఆమె కదలదు. ఒక్క అడుగు పక్కకు వేస్తే సరిపోయేది. ఆ రోజు నేను వేసినట్టు.

తీసుకున్నాను. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. దానమ్మ ఎట్లా మింగిందో ఇప్పుడు తెలిసింది.

ఏప్రిల్ 6

ఫోన్ రాలేదు. వస్తుందని ఎవరన్నారు?

ఏప్రిల్ 8

దానమ్మ ఫోన్ మోగింది. పెరట్లోకి పోయి మాట్లాడింది. నేను మెట్టు మీద కూర్చొని కత్తెర మొనతో నల్లబడిన గోరు లేపుతున్నాను. నాలుగు రోజులుగా అదే పని, నెత్తురు వస్తున్నా.

వచ్చి నిలబడింది.

"ఈస్టరు సంగతంతా చెప్పినా. నువ్వు ఏమన్న్యావో, యాడ కూసున్న్యావో, అన్నీ."

"ఏమంది?"

"ఏమన్లేదు." నా కాలి వైపు చూసింది. "ఆ బూట్లు నీకు ఒక నంబరు తక్కువంట. బొటనవేలి గోరు నల్లబడుంటాది, పీకొద్దని చెప్పమంది. దానికదే ఊడుతుందంట, కొత్తది కిందనుంచి వస్తుందంట."

"ఇంకేమంది?"

"అంతే."

మళ్లీ అడిగాను. అంతే అంది.

కత్తెర దానమ్మకు ఇచ్చేశాను. ఆ యెషయా వచనం మళ్లీ తీసి చూశాను. పరుగెత్తడం చివర్లో ఎక్కడో ఉంది. ముందు ఉన్నది కనిపెట్టడం, ఎదురుచూడడం. ఇన్నేళ్లు ఆ మాట దాటుకొని పోయి చదివాను.

దానికదే ఊడేదాకా కనిపెడతాను.